పళ్లు తోమే వేళకు, జడ వేసే వేళకు పాటలు కావాలి

పానగల్లు నాన్న (నల్లగొండ) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్లు నిండాయి. మా ఇల్లు పానగల్లులో ఉదయసముద్రం వైపు ఉంటుంది. పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి బడి ఆటో వచ్చేదాకా మా ఇంట్లో ఒకటే గోల. బ్రష్షు చూపిస్తే పెదవులు బిగించుకుంటుంది. చెంబు చూడగానే మంచం కిందికి దూరుతుంది. తల దువ్వబోతే నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుంటుంది. పాటగా చెబితే వింటుందేమోనని నిన్న రాత్రి కూర్చుని ఇది రాశాను.

పొద్దున త్వరగా లేవాలి
పళ్లు బాగా తోమాలి
చక్కగ స్నానం చేయాలి
వేళకు బడికి పోవాలి

ఈ ఉదయం పాడాను. రెండో పాదం దాటకముందే "పాడకు నాన్నా" అని ముఖం తిప్పుకుంది. గొంతు బాగాలేదా, పాటే బాగాలేదా? నాకు ఛందస్సు తెలియదు. ఇక్కడ పిల్లలకు పాటలు కట్టేవాళ్లు ఉన్నారని విని అడుగుతున్నాను.

చిట్టిపలక (దేవరకొండ దగ్గర ఒక ఊరు) | సోమవారం, రాత్రి 10:15

నాన్న గారూ, మీ గొంతు తప్పేమీ లేదు. పాదాల చివరలు ఒకసారి చూసుకోండి. లేవాలి, తోమాలి, చేయాలి, పోవాలి. నాలుగు పాదాల్లో నాలుగు ఆజ్ఞలు. రోజంతా పెద్దవాళ్ల నోటి నుంచి ఆ పిల్ల వినేది అదే మాట. పాటలోనూ అదే వస్తే ముఖం తిప్పుకోక ఏం చేస్తుంది?

నేను అంగన్‌వాడీ టీచరును. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలతో పొద్దు గడుస్తుంది. ఆ వయసు పిల్లలకు పని ఎందుకు చేయాలో చెప్పనక్కర్లేదు. ఆ పనిలో ఏం జరుగుతోందో చెబితే చాలు, చెవి అప్పగిస్తారు. చెంబు నీళ్లలో మునిగితే ఏ చప్పుడు వస్తుంది? నెత్తి మీద పోస్తే ఏ చప్పుడు? మన భాషలో ఇలాంటి జంట మాటలు కుప్పలుగా ఉన్నాయి కదా. మా కేంద్రంలో మేము కట్టుకున్న స్నానం పాట ఇది.

బుడ బుడ బుడ బుడ
చెంబుకు దాహం
జల జల జల జల
నెత్తికి స్నానం
గర గర గర గర
మడమకు రాయీ
తుడు తుడు తుడు తుడు
తువ్వాల వచ్చె

ఇందులో "చేయాలి" అన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. కానీ పని ఏ వరుసలో సాగాలో ఆ వరుసలోనే ఉంది. "చెంబుకు దాహం" అనగానే పిల్లలే చెంబు ముంచుతారు. దాహమేస్తోంది పాపం అని ఒక బాబు దానికి మూడుసార్లు తాగించాడు.

మాత్రల లెక్క (మహబూబ్‌నగర్) | సోమవారం, రాత్రి 10:50

చిట్టిపలక గారి పాట చదివి సంతోషం కలిగింది. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. పానగల్లు నాన్న గారు ఛందస్సు తెలియదన్నారు కాబట్టి రెండు మాటలు.

గణాల పట్టిక పట్టుకోకండి. పిల్లల పాటకు కావలసింది మాత్ర. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరం రెండేసి మాత్రలు. "బుడ బుడ" నాలుగు. "చెంబుకు" నాలుగు. "దాహం" నాలుగు. నాలుగు నాలుగుగా నడిచేది చతురస్ర గతి. మూడు మూడుగా నడిస్తే త్రిస్ర గతి. మూడు, నాలుగు కలిసి ఏడుగా ఊగితే మిశ్ర గతి. ఈ మూడు చేతికొస్తే ఇంట్లో పనులన్నిటికీ పాట కట్టవచ్చు.

అయితే ఏ పనికి ఏ గతి అన్నది పుస్తకం చెప్పదు, చేయి చెబుతుంది. నీళ్లు పోసుకోవడం, చప్పట్లు కొట్టడం, మెట్లు ఎక్కడం నాలుగు మీద నడుస్తాయి. తోమడం నాకు మూడు మీద నడిచినట్టు అనిపిస్తుంది: రెండు మాత్రలు లాగి, ఒకటి వెనక్కి. మా మనవడి కోసం కట్టినది ఇక్కడ పెడుతున్నాను.

కింది పళ్ల వీధిలో
చీపురొచ్చె చూడరా
పైన పళ్ల మేడలో
బూజు దులిపె చూడరా
లోన పళ్ల సందులో
నక్కి ఉన్నదెవరురా
పుక్కిలించి ఉమ్మితే
మెతుకు బయట పడెనురా

ఆడపిల్లకైనా "రా" అనే పాడండి. మన వైపు ముద్దుగా అలాగే పిలుస్తాం కదా. నెమ్మదిగా పాడితే ఈ ఎనిమిది పాదాలకు దాదాపు అర నిమిషం పడుతుంది. పై కుడి, పై ఎడమ, కింద కుడి, కింద ఎడమ, ఒక్కో మూలకు ఒక్కసారి చొప్పున నాలుగుసార్లు పాడితే పళ్ల డాక్టర్లు చెప్పే రెండు నిమిషాలు పూర్తవుతాయి.

పానగల్లు నాన్న | మంగళవారం, ఉదయం 8:05

మాస్టారూ, బ్రష్షు నోట్లోకి వెళ్లింది! "నక్కి ఉన్నదెవరురా" దగ్గర ఆపాను. నోటినిండా నురుగుతో "మెతుకు" అని అరిచి, అద్దమంతా తుంపరలు చేసింది. వాళ్లమ్మ అద్దం తుడుస్తూ కూడా నవ్వింది. మీకు చాలా చాలా కృతజ్ఞతలు.

తెల్లచామంతి (సూర్యాపేట) | మంగళవారం, ఉదయం 11:20

నా తరఫున కూడా ఒకటి. మా బాబుకు ఇది బాగా నచ్చింది.

తోమితే తోమితే ముత్యాలు
తోమకపోతే బొగ్గులు
పాలలాంటి పళ్లు ఉంటే
అందరు మెచ్చే బుజ్జాయి

మర్రిగూడ దారి (నల్లగొండ జిల్లా) | మంగళవారం, సాయంత్రం 6:30

తెల్లచామంతి గారూ, మీరు ప్రేమతో రాశారని నాకు తెలుసు. అయినా ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను మర్రిగూడ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తాను. మా నేల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు కొత్త కాదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్ల మీద సుద్ద గీతలు, గోధుమరంగు మరకలు వచ్చాయి. ఆ మరక పైన పట్టిన మురికి కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యే రోజుల్లోనే, ఎనిమిదేళ్లలోపే, పై పొరలో పడిపోతుంది. ఎంత తోమినా పోదు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి పాటే నేనూ తరగతిలో పాడించాను. మూడో తరగతి పిల్ల ఒకతి, బాగా పాడే పిల్ల, ఆ రోజు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని పాడింది. మరుసటి రోజు పెదవులు మూసుకునే ఉంది. మూడో రోజు వాళ్ల అవ్వ బడికి వచ్చి, "సారూ, మా పిల్ల బూడిదతో, ఇటుక పొడితో పళ్లు రుద్దుకుంటోంది, చిగుళ్లు చీరుకుపోయాయి, ఏం చెప్పారు సారూ?" అని అడిగింది. ఆ పిల్ల రోజుకు రెండు పూటలా తోముకునేది. నా పాట ఆమెను బొగ్గు అంది.

ఆ రోజు నుంచి తెలుపు, ముత్యం, పాలు అన్న మాటలు పళ్ల పాటలో పెట్టడం మానేశాను. మాత్రల లెక్క మాస్టారి పాటలో రంగు లేదు. వీధి ఉంది, చీపురు ఉంది, మెతుకు ఉంది. అందుకే అది మా బడిలో ఏ పిల్లయినా నోరు తెరిచి పాడుకోవచ్చు.

పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాక మా చిన్న తరగతుల్లో మరకలు తక్కువగా కనిపిస్తున్నాయి. అది చూసినప్పుడల్లా ప్రాణం లేచి వస్తుంది.

ఇంకొక మాట. చిన్నపిల్లలు పేస్టు మింగేస్తారు. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. టీవీలో చూపించినట్టు బ్రష్షు పొడవునా పరచకండి. దీన్నీ ఎవరైనా పాటలో పెడితే బాగుంటుంది.

తెల్లచామంతి | మంగళవారం, రాత్రి 8:10

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా పాట తీసేయమని నిర్వాహకులను అడుగుదామనుకున్నాను, తర్వాత ఉండనిద్దామనిపించింది. పైన అది ఉంటేనే కింద మీరు రాసింది ఎందుకో చదివేవాళ్లకు తెలుస్తుంది. మా బాబుకు ఈ రాత్రి నుంచే చీపురు పాట నేర్పుతున్నాను. పేస్టు కోసం ప్రయత్నించాను, మాస్టారు సరిచూడాలి.

బఠాణి గింజ బండి ఎక్కె
బ్రష్షు బండి నోట్లో కెళ్లె

మాత్రల లెక్క | మంగళవారం, రాత్రి 8:45

తెల్లచామంతి గారూ, చాలా బాగుంది. "నోట్లో కెళ్లె" దగ్గర కాస్త బరువు పడింది. "బ్రష్షు బండి నోట దూరె" అనండి, మూడు మూడుగా జారిపోతుంది. మొదటి పాదంలో "బఠాణి గింజ" నాలుక మీద కొంచెం తడబడినా తీసేయకండి. పిల్లలు ఆ తడబాటు కోసమే మళ్లీ మళ్లీ అంటారు.

కొల్లాపూర్ మామిడి (నాగర్‌కర్నూల్ జిల్లా) | బుధవారం, ఉదయం 6:15

ఇద్దరు పిల్లల తల్లిని. నాకు ఉదయం ఏడున్నరకు బస్సు. దాటితే ఉద్యోగానికి సగం పూట సెలవు రాయాలి. నాకు అందమైన కవిత్వం వద్దు, మూడేళ్ల వాడి తల అంగీలోంచి బయటికి వస్తే చాలు. ఇప్పటిదాకా ఫోనులో బొమ్మల పాట పెట్టి, వాడు దాని వైపు చూస్తుండగా అంగీ తొడుగుతున్నాను. అది మంచిది కాదని నాకూ తెలుసు. వేరే దారి ఉంటే చెప్పండి.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్ జిల్లా) | బుధవారం, ఉదయం 7:30

అమ్మా, నీ కష్టం అర్థమైంది. కానీ పాటను బ్రష్షు తోమించడానికో అంగీ తొడిగించడానికో లంచంగా ఇవ్వడం నాకు మనసొప్పదు. మా చిన్నప్పుడు పాట ఊరికే ఉండేది. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంటే, పిల్లలమంతా వరుసగా కాళ్లు చాపి, మోకాళ్ల మీద చేత్తో తడుతూ పాడేవాళ్లం. దానివల్ల ఏ పనీ అయ్యేది కాదు. కడుపునిండా నవ్వడమే పని. ఇప్పుడు ప్రతి పాటకూ ఒక ప్రయోజనం వెతుకుతున్నారు. పిల్లవాడు పాట వినగానే "ఇప్పుడు నాతో ఏం చేయిస్తారో" అని అనుమానపడే రోజు రాకూడదు.

చిట్టిపలక | బుధవారం, మధ్యాహ్నం 2:40

తాత గారూ, మీ భయంలో నిజముంది. కానీ పని పాటలు మన ఊళ్లకు కొత్తవా? నాట్లు వేసేటప్పుడు పాడలేదా, విసుర్రాయి తిప్పుతూ పాడలేదా? ఆ పాట నారుమడికి లంచం కాదు కదా. పని బరువు తెలియకుండా చేయడానికి పాడుకున్నారు. పిల్లకూ అంతే. నాలుగేళ్ల పిల్లకు అంగీ తొడుక్కోవడం చిన్న పని కాదు, నాటు వేసినంత పని. ఒక చేయి దూర్చి, రెండో చేయికి దారి వెతుక్కుని, తల ఎటు పెట్టాలో తెలుసుకోవాలి. ఆ పనికి తోడు పాట ఉంటే తప్పేముంది?

నేను చూసేదల్లా ఒకటే. పాట అయిపోయాక పని ఆగినా పిల్లలు మళ్లీ పాడుకుంటున్నారా? మా దగ్గర మధ్యాహ్నం భోజనం తర్వాత పడుకోబెడితే, కళ్లు మూసుకుని కూడా "చెంబుకు దాహం" అంటూ ఉంటారు. అక్కడ స్నానమూ లేదు, చెంబూ లేదు.

మాత్రల లెక్క | బుధవారం, సాయంత్రం 5:20

కొల్లాపూర్ మామిడి గారికి ఇది. అంగీలో తల ఇరుక్కున్న క్షణం పిల్లలకు భయంగా ఉంటుంది, చీకటి కదా. ఆ చీకటినే ఆటగా మార్చాను.

అంగిలోన చీకటాయె
పాప ఎటో పోయెనమ్మ
మెడ దగ్గర తలుపు తెరిచె
పొద్దు పొడిచె పాప ముఖము

మీ బాబుకు "బాబు ఎటో పోయెనమ్మ" అనుకోండి. "అంగి" మూడు మాత్రలు. "చొక్క" అన్నా మూడే, "గౌను" అన్నా మూడే. ఎవరింటి మాట వాళ్లు పెట్టుకోవచ్చు, నడక చెడదు. పుస్తకంలో లేదని "అంగి" అన్న మాటను పిల్ల నోట్లోంచి తీసేయకండి. ఇంట్లో అంగీ, బడిలో చొక్కా, రెండూ తెలిసిన పిల్ల రెండు మాటలకు ఆసామి. మా తరగతుల్లో ఇంటి మాట అన్న పిల్లవాణ్ని "సరిగా పలుకు" అని నిలబెట్టిన రోజులు నేను చూశాను, నేనూ ఆ పని చేశాను. ఇప్పుడు చేయను.

కొల్లాపూర్ మామిడి | గురువారం, రాత్రి 9:00

మాస్టారూ, నమస్కారాలు. ఫోను తీయలేదు. వాడు అంగీలోంచి తల బయటపెట్టి మళ్లీ లోపలికి లాక్కున్నాడు. మళ్లీ పాడమన్నాడు. నాలుగుసార్లు పొద్దు పొడిచింది. బస్సు అందింది, కానీ పరుగెత్తాను. రేపటి నుంచి పది నిమిషాలు ముందు లేస్తాను.

తాత గారూ, మీ మాట కూడా మనసులో పెట్టుకున్నాను. ఆదివారం ఏ పనీ లేకుండా పాడతాను.

గద్వాల అంచు (జోగులాంబ గద్వాల జిల్లా) | గురువారం, రాత్రి 9:35

మాది మగ్గం ఇల్లు. మా పిల్లలకు జోలపాట అక్కర్లేకపోయింది, నాడె అటూ ఇటూ తిరిగే చప్పుడుకే పడుకునేవాళ్లు. మగ్గం ఆగితే లేచేవాళ్లు. ఇప్పుడు మనవరాలు హైదరాబాదులో ఉంటుంది. పడుకోబెట్టడానికి గంట పడుతోందని కోడలు అంటోంది. నిద్రకు ఒక పాట ఇవ్వండి.

చిట్టిపలక | శుక్రవారం, ఉదయం 10:10

నిద్ర పాటకు ఏడు మాత్రలు కుదురుతాయి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. చీర ఉయ్యాల ఒకవైపు కొంచెం ఎక్కువ ఊగినట్టు ఉంటుంది. మాస్టారు పైన చెప్పింది చదివాక రాసుకున్నాను.

కోడి నిద్దుర గంప కిందను
దూడ నిద్దుర కొట్టమందున
చెప్పు నిద్దుర గడప బయటను
చెంబు నిద్దుర గోలెమంచున
పలక నిద్దుర సంచి లోపల
పాప నిద్దుర అవ్వ పక్కన

ఒక్కో పాదానికీ గొంతు కొంచెం తగ్గించాలి. బయటి నుంచి లోపలికి రావాలి: వాకిలి, గడప, సంచి, పక్క. హైదరాబాదులో కోడీ దూడా లేకపోతే లిఫ్టును, స్కూటరును పడుకోబెట్టమనండి. మీ మనవరాలికి మాత్రం ఒక పాదంలో మగ్గం ఉండాలి. "మగ్గ మాగెను గద్వ లూరిలొ" అని నాకు తోచింది. ఊరి పేరును నొక్కేశాను, మీరే సరిచేసుకోండి.

గద్వాల అంచు | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

"నాడె నిద్దుర తాత మగ్గము" అని పెట్టుకున్నాం. కోడలు ఫోను చేసి చెప్పింది, పిల్ల ఆ పాదం దగ్గర "తాత కూడా పడుకున్నాడా?" అని అడిగి, పడుకున్నానని చెప్పించుకుని కళ్లు మూసిందట. మధ్యాహ్నం నిద్రకే, నిన్నటి కంటే త్వరగా పడుకుంది.

తెల్లచామంతి | శుక్రవారం, సాయంత్రం 4:50

మా ఇంట్లో కొత్త ఆట మొదలైంది, చెప్పకుండా ఉండలేను. అన్నం గిన్నం, పప్పు గిప్పు అంటాం కదా. దాన్నే భోజనం పాట చేశాను.

అన్నం గిన్నం తిన్నావా
పప్పూ గిప్పూ కలిపావా
కూరా గీరా మిగిలిందా
చేయీ గీయీ కడిగావా

మా బాబు జవాబు: "అన్నం తిన్నా, గిన్నం ఎక్కడ?" పళ్లెం కింద వెతికాడు. పప్పు తిన్నాక "గిప్పు కూడా పెట్టు" అన్నాడు. రసం వేసి, ఇదే గిప్పు అన్నాను, తాగేశాడు. నిన్న రాత్రి అన్ని వస్తువులకూ జోడీ కడుతూ గిన్నె దగ్గర ఆగిపోయాడు. "గిన్నె గిన్నె" అని రెండుసార్లు అని, "అమ్మా, దీనికి జోడీ లేదు" అన్నాడు. నాకు ఇన్నేళ్లుగా తట్టలేదు. ఐదేళ్ల వాడు పట్టుకున్నాడు.

మాత్రల లెక్క | శుక్రవారం, సాయంత్రం 5:30

అమ్మా, మీ బాబుకు నా ఆశీస్సులు. మొదటి అక్షరం తీసి "గి" పెట్టడం, అది దీర్ఘమైతే "గీ" పెట్టడం, "గి"తో మొదలయ్యే మాటకు జోడీ కుదరకపోవడం, ఇదంతా వ్యాకరణమే. పెద్ద తరగతుల్లో బల్ల మీద కర్రతో కొట్టి చెప్పినా ఎక్కని సంగతి పప్పు ముద్దతో ఎక్కింది.

మర్రిగూడ దారి | శుక్రవారం, రాత్రి 8:20

బడి సంచి సర్దుకునే పాట మా ఒకటో తరగతిలో బతుకమ్మ వరసలో కట్టుకున్నాం. ఒకరు పాదం అంటారు, అందరూ ఉయ్యాలో అంటారు. మా పిల్లలకు ఆ వరస తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ తెలుసు, వేరే నేర్పనక్కర్లేదు.

పలక సర్దినాను ఉయ్యాలో
బలపమేది ఏది ఉయ్యాలో
పళ్లెమిడిచిపోతె ఉయ్యాలో
పప్పు ఎందులోన ఉయ్యాలో

పళ్లెం మరచి వచ్చేవాళ్లు బాగా తగ్గారు. తెచ్చుకున్నవాళ్లు దాన్నే వాయిస్తున్నారు, అది వేరే సంగతి.

జడగంటలు (మక్తల్ దగ్గర ఒక ఊరు) | శనివారం, రాత్రి 7:45

ఐదు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. నేనూ టీచరునే. పానగల్లు నాన్న గారు మొదట్లో జడ గురించి కూడా అన్నారు, దానికి ఎవరూ పాట ఇవ్వలేదు. నా దగ్గర ఒకటి ఉంది. జడకు మూడు పాయలు కాబట్టి మూడు మాత్రల నడక. ఒక్కో పాయ దాటేటప్పుడు ఒక్కో మాట.

ఒకటి అమ్మ ఒకటి నాన్న
నడుమ నేను దూరినాను
అమ్మ మీద నాన్న కింద
మళ్లి నేను మధ్యలోన
పాయ దాటి పాయ దాటి
చివర చేరి ముగ్గురొకటె
ఎర్ర రిబ్బనొకటి కట్టి
బడికి నన్ను పంపుతారు

నిరుడు దీన్ని రెండో తరగతిలో పాడించాను. మా ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది గానీ, పాలమూరు వలస మా ఊరిని వదిలిపోలేదు. పంట చేతికి రాగానే, కొన్నేళ్లు రాకపోయినా, తల్లిదండ్రులు ముంబయికో పుణేకో పనికి వెళతారు. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. నా తరగతిలో ఆ ఏడాది సగం మంది అలాంటివాళ్లే. మొదటి పాదం అందరూ గట్టిగా పాడారు. రెండో వరుసలో కూర్చున్న పిల్ల మాత్రం "ఒకటి" అని ఆగింది. మళ్లీ పాడించాను, మళ్లీ "ఒకటి" దగ్గరే ఆగింది. జడ ఎవరు వేశారని అడిగాను. అవ్వకు చూపు ఆనదట, తనే వేసుకుందట. ఒక పాయ లావు, రెండు సన్నం.

మర్రిగూడ సారు తెల్లని పళ్ల గురించి రాసినప్పుడు నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది. నేను కట్టిన పాటలో ఆమె ఇల్లు లేదు.

తర్వాత "ఒకటి అవ్వ ఒకటి తాత" అని మార్చాను. మాత్ర సరిపోయింది. కానీ తాత లేని పిల్లలూ ఉన్నారు. అందుకని ఆ రెండు చోట్లూ ఖాళీ వదిలేశాను. "ఒకటి..., ఒకటి...", ఎవరి మాట వాళ్లు పెట్టుకోవాలి. ఒకడు "ఒకటి అక్క ఒకటి మేక" అన్నాడు. ఇంకొకతి "ఒకటి అవ్వ ఒకటి సారు" అని నా వైపు చూసింది, నేను ఆడమనిషినైనా మా పిల్లలకు సారునే. ఆ రెండో వరుస పిల్ల మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు పాడింది:

ఒకటి అవ్వ ఒకటి ఫోను
నడుమ నేను దూరినాను

రోజూ రాత్రి ఎనిమిదింటికి వాళ్లమ్మ ఫోను చేస్తుంది. ఆ ఒక్కటే వాళ్లింట్లో అమ్మ.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల తర్వాత బడి వరండాలో వరుసగా కూర్చోబెడుతున్నాను. ముందున్న పిల్ల జడ వెనకున్న పిల్ల వేస్తుంది, అందరూ కలిసి పాడతారు. చివరన ఉన్న పిల్ల జడ నేను వేస్తాను. ఆ చివరి చోటు కోసం కొట్లాట.

మన్యంకొండ మెట్లు | శనివారం, రాత్రి 8:30

అమ్మా, లంచం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జడ వేస్తూ పాడినది లంచం కాదు. మా చెల్లెలికి నేను ఒక్కసారి కూడా జడ వేయలేదు, మగపిల్లలకు ఆ పని లేదనుకునేవాళ్లం. నీ తరగతిలో మగపిల్లలకూ నేర్పు.

జడగంటలు | శనివారం, రాత్రి 8:50

నేర్పుతున్నాను తాత గారూ. మేక అన్నవాడే అందరికంటే బిగువుగా వేస్తాడు. ఇంట్లో మేకకు పగ్గం పేనిన చేయి.

పానగల్లు నాన్న | ఆదివారం, ఉదయం 9:15

ఈ పొద్దున మా పాప నెత్తి మీద చేతులు పెట్టుకోలేదు. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక జడ నేనే వేశాను, నా జీవితంలో మొదటిసారి. "ఒకటి అమ్మ ఒకటి నాన్న" అని పాడుతూ వేశాను. రెండుసార్లు విడిపోయింది, మూడోసారి నిలిచింది. తర్వాత ఫోను అన్న అక్క గురించి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అన్నం తింటూ అడిగింది, "ఆ అక్క జడ ఇప్పుడు ఎంత పొడుగుంది నాన్నా?"

జడగంటలు | ఆదివారం, ఉదయం 10:40

భుజాలు దాటిందని చెప్పండి. పాట రెండుసార్లు పాడితే గానీ ఎర్ర రిబ్బను దాకా రావడం లేదు.